సంజీవ సారు సర్టిఫికెట్ సాధించిన విధము

మనుషులతో వ్యవహరించే హక్కు ఇకమీదట మనుషులందరికీ ఉండదు! అందుకు సర్టిఫికెట్ కావాలి!

భూపాలపల్లిలో మా కంపెనీ గోడ మీద ఆ ఏడాది ఈ ప్రకటన వెలిసింది. గనులకు లారీలనూ మనుషులనూ కాంట్రాక్టు మీద పంపడం మా కంపెనీ పని. లారీ తోలేవాడికి లైసెన్సు అడుగుతున్నప్పుడు మనుషుల్ని తోలేవాడికి ఎందుకు అడగకూడదని మా యజమానికి తోచింది. పెద్దవాళ్ళకు తోస్తే ఆగుతుందా? నిన్నటిదాకా హాజరు గుమాస్తాగా ఉన్న సంజీవ సారు తెల్లారేసరికి 'మానవ వనరుల అధికారి' అయ్యాడు. ఏడాది లోపల సర్టిఫికెట్ తేకపోతే మళ్ళీ గుమాస్తాయే అని షరతు.

ఆయనది జనగామ. చదువు పోస్టులో వచ్చేది. మొదటి పాఠం అందగానే టై కట్టాడు. భూపాలపల్లి ఎండలో, బొగ్గు దుమ్ములో టై! పొద్దున కట్టినప్పుడు ఎర్రగా ఉండేది, సాయంత్రానికి దాని కులగోత్రాలు ఎవరూ చెప్పలేకపోయేవారు. రెండో పాఠం పేరు 'చెడు వార్త చెప్పునపుడు చిరునవ్వు'. దాన్ని మా క్యాంటీన్‌లో గిన్నెలు తోమే సోమ్లీ మీద సాధన చేశాడు.

సోమ్లీ పెళ్ళి కావలసిన పిల్ల. శ్రావణంలో తీజ్ పండుగకు తండాకు వెళ్ళింది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచాలి. మధ్యలో వదిలేసి రావడం అపచారం. పండుగ అయ్యాక పనికి వస్తే సంజీవ సారు కారణం అడిగాడు.

"గోధుమలకు నీళ్ళు పోసిన సార్."

"మన సెలవులల్ల పెండ్లి ఉన్నది, చావు ఉన్నది, జరమున్నది. గోధుమలు లెవ్వు," అని చిరునవ్వు నవ్వి ఆమెను పనిలోంచి తీసేశాడు.

"మా బాపు మంచం పట్టిండు సార్. నా జీతం మీదనే ఇల్లు నడుస్తది. గిట్ల చెయ్యకుండ్రి," అని ఆ పిల్ల ఏడ్చింది. ఏడ్చినకొద్దీ సారు ఇంకా బాగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆర్డరు టైపు చేశాను. నా పేరు వీరస్వామి, నా పని టైపు చేయడం.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, బళ్ళు మూతపడ్డాయి. సంజీవ సారు ఆఖరి పరీక్ష మాత్రం ఆగలేదు! హైదరాబాద్ నుంచి సాంసన్ అనే పరీక్షాధికారి వచ్చి, ఈయన ఒక కార్మికుడి కష్టం వినే తీరు కళ్ళారా చూసి మార్కులు వేయాలి. కానీ వనరులన్నీ రోడ్డు మీద సమ్మె టెంటులో కూర్చున్నాయి. అధికారే అక్కడికి నడిచాడు.

టెంటు నడిపేది మా లారీ డ్రైవర్ దస్రు.

"దస్రన్నా, జర ఒక్క మనిషిని ఇయ్యరాదే! ఓ కష్టం చెప్పుకోవాలె, నేను వినాలె. గంతే."

"కష్టాలకేం కరువు సార్? ఎంత పెద్దది గావాలె?"

"మధ్యరకంది సాలు."

సాంసన్ గారు మధ్యాహ్నం దాటాక దిగారు. రేగొండ దగ్గర రోడ్డు మీదే సమ్మెవాళ్ళ వంటావార్పు జరుగుతోందట. తిననిదే కారు కదలనివ్వలేదట. మీసాలకు పులిహోర పసుపుతో, మహా గంభీరంగా టెంటులో కూర్చున్నారు. దస్రు ఓ మనిషిని తెచ్చి మైకు ముందు నిలబెట్టాడు. సోమ్లీ!

సంజీవ సారు చిరునవ్వు సగంలో ఆగింది. సోమ్లీ గోధుమల కథంతా మైకులో చెప్పింది. టెంటులో ఆడవాళ్ళు ముక్కులు చీదారు. పరీక్షాధికారి పెన్ను మూత తీశారు. మార్కుల కోసం మనిషి ఏమైనా చేస్తాడు! సారు గుండె మీద చెయ్యి వేసుకుని మైకు అందుకున్నాడు.

"చెల్లే! సమ్మె కాంగనే పనిలకు రా. నీ కొలువు నీదే!"

చప్పట్లే చప్పట్లు! దీక్షలో కూర్చున్నాయన తన మెడలో దండ తీసి సారు మెడలో వేశాడు. సారు నా చెవిలో గొణిగాడు: "పరీక్ష కోసమన్న ముచ్చట. ఆర్డర్ టైపు చెయ్యకు."

సమ్మె విరమించిన మర్నాడే సోమ్లీ గేటు దగ్గర నిలబడింది. "గది పరీక్షమ్మా, కొలువు కాదు," అని సారు ఆమెను వెనక్కి పంపబోయాడు. దస్రు లారీ ఇంజన్ ఆపేశాడు.

"మైకుల అన్నమాట ఊరంత ఇన్నది సార్. పిల్ల లోపలికి వోతేనే లారీ బయటికొస్తది."

వెనక లారీలూ ఆగాయి. యజమాని ఫోన్లోనే మండిపడ్డాడు, పిల్లను తీసుకోమన్నాడు. ఆ ఆర్డరు మాత్రం నేను పాట పాడుకుంటూ టైపు చేశాను.

కొద్దిరోజులకు ఫలితం వచ్చింది. తప్పాడు! కింద కారణం కూడా రాశారు: 'అభ్యర్థి సమస్యను అక్కడికక్కడే పరిష్కరించెను. నిపుణుడు వినవలెను, తల ఊపవలెను, పై విభాగమునకు పంపవలెను. పరిష్కరించుట వృత్తి ప్రమాణములకు విరుద్ధము.'

సంజీవ సారు టై వదులు చేసుకుని క్యాంటీన్‌కు పరుగెత్తాడు. గుమాస్తా కుర్చీ కళ్ళ ముందు కనబడుతోంది పాపం!

"సోమ్లీ, నా తల్లీ! నేను నీ కష్టం తీర్చలేదని సాంసన్ సారుకు జర ఫోన్ల చెప్పవా?"

సోమ్లీ చేతులు తుడుచుకుంది. "చెప్పనీకేముంది సార్? ఉన్న మాటనే గద!"

ఫోన్ కలిపి ఇచ్చాడు.

"సార్, సంజీవ సారు నాకేం చెయ్యలే. గేటు కాడికి వోతే ఎల్లగొట్టిండు. మావోళ్ళు లారీలు ఆపితే లోపలికొచ్చిన. సారుకు ఏ పాపం తెల్వదు. సేవాలాల్ మీద ఒట్టు!"

ఒక్కో మాటకూ సంజీవ సారు ఆనందంగా తల ఊపాడు.

వారం తిరక్కుండా సర్టిఫికెట్ వచ్చింది, ప్రథమ శ్రేణిలో! 'కార్మికురాలికి ఈ అధికారి వలన ఎట్టి మేలూ జరగలేదని కార్మికురాలే స్వయముగా ధ్రువీకరించినందున' అని అందులో అచ్చువేసి మరీ ఇచ్చారు.