అల్ వుకైర్‌లో శీతాకాలం

మంచు పోటీలకు మంచు కావాలనుకోవడం చదువు లేనివాళ్ళ అపోహ. అంతర్జాతీయ స్కీయింగ్ పోటీలు ఏ ఊళ్ళో జరగాలో తేల్చే సంఘానికి ఒక నియమావళి ఉంది. అందులో మొదట హోటళ్ళు వస్తాయి. తర్వాత విమానాశ్రయం, ఆ తర్వాత విందుశాల, ఆ తర్వాత కార్లు నిలిపే చోటు. కొండా మంచూ చివర్న ‘ఇతర సౌకర్యాలు’ కింద, తువ్వాళ్ళ తర్వాత వస్తాయి. (చాయ్ కప్పులు తీస్తూ విన్నదే చెబుతున్నాను.)

ఆ లెక్కన ఖతర్‌ను మించిన చోటు భూమ్మీద లేదు. తువ్వాళ్ళు కూడా పుష్కలం.

చమురు ధర రోజూ పెరుగుతున్న ఏడాది అది. ఏం కట్టాలో తోచక, కట్టినవాటి పక్కనే మళ్ళీ కడుతున్నారు. పోటీలో చివరికి రెండు ఊళ్ళు మిగిలాయి. ఒకటి దోహా. రెండోది ఎక్కడో చలిదేశంలో కొండ మీది ఊరు. పాపం దానికి మంచు తప్ప ఏమీ లేదు. పైగా కొండ అడ్డం వచ్చి పార్కింగుకు చోటు చాలడం లేదని సంఘం ముందే విచారం వెలిబుచ్చింది.

దోహా పక్కన అల్ వుకైర్ అవతల కొండ కట్టే పని మా కంపెనీకి వచ్చింది. ఇసుక పోసి, పైన సిమెంటు వేసి, చుట్టూ షెడ్డు కట్టి, లోపల కోల్డ్ స్టోరేజీ మిషన్లు పెట్టారు. మంచు ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. చేపల మీద వేసే ఐసే, పొడి కొట్టి పరిచారు. కొంచెం వాసన ఉండేది. కొండకు ఒక మేనేజరు, చలికి ఒక మేనేజరు, వాలుకు ఒక మేనేజరు. ముగ్గురి పైన ప్రాజెక్టు మేనేజరు ఆనందరావు గారు, కాకినాడ మనిషి. మంచు మీద పార పట్టుకొని నిలబడింది మాత్రం లస్మయ్య ఒక్కడే. జగిత్యాల పక్క ఊరు.

లస్మయ్యకు సెలవు కావాలి. భార్య గంగామణికి కడుపులో గడ్డ. కరీంనగర్‌లో ఆపరేషన్ చెయ్యాలన్నారు. నువ్వు పక్కన ఉంటేనే బల్ల ఎక్కుతానని ఆమె పట్టుబట్టి, డాక్టరు ఇచ్చిన తేదీని రెండుసార్లు దాటేసింది. కంపెనీ సంతకం పెడితే గాని లస్మయ్య దేశం దాటలేడు. సంఘం వచ్చి చూసి పోయేదాకా ఎవరికీ సంతకం లేదన్నది రూలు. (సంఘం ఎప్పుడు వస్తుందో ఎవరికీ చెప్పకూడదన్నది రెండో రూలు.)

మా లేబర్ క్యాంప్ బాస్ ముజఫ్ఫర్ అలీది నిజామాబాద్. మంచివాడే.

“వాళ్ళు పోయిన దినమే నీ కాగితం మీద దస్కతు పెట్టిస్త లస్మన్నా. గప్పటిదాంక జర చలికి ఓర్సుకో,” అన్నాడు.

“బయట కాలుతది, లోపట కొంకర్లు పోతయ్ భాయ్. నడుమల తలుపు కాడ ఒక్కటే మంచిగుంటది.”

“ఆడ మేనేజర్లు కూసున్నరు.”

చివరికి తేదీ తెలిసింది. ఆ రోజు లస్మయ్య అందరికంటే ముందే డ్యూటీకి పోయాడు. పెద్దమనుషులు వస్తున్నారంటే వాకిలి ఊడ్చి సాన్పి, అంటే కళ్ళాపి, చల్లాలి. అతని ఊళ్ళో అది ఎవరూ చెప్పి చేయించే పని కాదు, చెయ్యే చేసేస్తుంది. మంచునంతా చీపురుతో ఊడ్చాడు. బకెట్లతో పై నుంచి కిందిదాకా నీళ్ళు చల్లాడు. కాసేపటికి కొండ అద్దమైంది.

ఆనందరావు గారు వచ్చి, మొదటి అడుగులోనే జారి కూర్చున్నారు. కూర్చునే అడిగారు.

“ఏంటయ్యా ఇది?”

“సాన్పి జల్లిన సార్. సుట్టాలస్తున్నరు గదా.”

“పేడ కూడా కలపకపోయావా?”

“దొర్కలే సార్.”

(ఖతర్‌కు అన్నీ దిగుమతి అవుతాయి. దానికి ఇంకా టెండరు పిలవలేదు.)

ఇంతలో సంఘం వచ్చేసింది. అధ్యక్షుడు కాళ్ళకు పలకలు కట్టుకొని పై నుంచి జారాడు. ఆయన అనుకున్నదానికంటే చాలా ముందుగా కిందికి చేరి, ఆగకుండా విందుశాలలోకి వెళ్ళి, కబాబుల బల్ల దగ్గర ఆగాడు. లేచి బట్టలు దులుపుకొని, చలిదేశాల్లో పెద్ద పోటీలకు మంచు గట్టిపడాలని ఇలాగే నీళ్ళు కొట్టిస్తారనీ, ఇంత శ్రద్ధగా కొట్టడం తాను ఎక్కడా చూడలేదనీ చెప్పాడు. చేపల వాసనను ‘సముద్రపు గాలి’ అని రాసుకున్నారు. సాయంత్రానికి దోహా గెలిచింది. రెండో ఊళ్ళో మంచు ఎవరి అనుమతీ లేకుండా పడుతోందని, అది నిర్వహణ లోపమని తేల్చారు.

క్యాంప్‌లో బిర్యానీ పెట్టారు. లస్మయ్య తినకుండా కాగితం పట్టుకొని ఆఫీసుకు పోయాడు. ఇచ్చిన మాట ప్రకారం ముజఫ్ఫర్ అలీ కూడా వెంట వచ్చాడు.

ఆనందరావు గారు లేచి లస్మయ్య భుజం తట్టారు. ఈ రోజు నుంచి నువ్వు ఉపరితల నిపుణుడివి అన్నారు. తర్వాత నియమావళి తీశారు. ఊరి పేరు ప్రకటించిన క్షణం నుంచి పోటీలు ముగిసేదాకా ఆ ఊళ్ళో శీతాకాలంగా పరిగణించాలి. శీతాకాలంలో మంచు సిబ్బందికి సెలవు లేదు. పోటీలు జరిగేది మూడేళ్ళ తర్వాత.

“నువ్వు వెళ్ళిపోతే ఆ నీళ్ళు చల్లడం ఇంకెవరికొచ్చు చెప్పు?” అన్నారు, ప్రేమగానే.

“మా ఊర్ల ఆడోళ్ళందరికి అస్తది సార్.”

“వాళ్ళకి వీసాలు దొరకవయ్యా.”

ముజఫ్ఫర్ అలీ ఆ కాగితం మడిచి లస్మయ్య జేబులో పెట్టాడు.

శుక్రవారం లస్మయ్య అల్ మన్సూరా బజారులో ఫోన్ కార్డు కొని ఇంటికి ఫోన్ చేశాడు. బయట రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఎప్పుడస్తున్నవని గంగామణి అడిగింది.

“చలికాలం అయినంక.”

గంగామణికి గల్ఫ్ అంతా దుబాయే.

“దుబాయ్‌ల ఇప్పుడు చలికాలమా?”

“ఆఁ. చలికాలమని సంతకం అయింది.”

మొగుడి మాట మీద నమ్మకంతో, ఆమె డాక్టరుకు కూడా చలికాలం పోయాకే వస్తానని చెప్పింది. అది పోయి మూడు నెలలైందమ్మా అన్నాడట ఆయన. సంఘం నియమావళి ఆయనకు తెలియదు. గడ్డకు కూడా ఇంకా అందినట్టు లేదు, పెరుగుతూనే ఉంది.