ఒక్కో తప్పుకీ అరవై మెట్లు

మనిషికి వాడి తప్పులన్నీ ఒకేసారి చెప్పెయ్యడం అమానుషం! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఇంట్లోనూ ఆఫీసులోనూ కలిపి పాతికేళ్ళుగా తప్పులు చేస్తున్న అనుభవంతో అంటున్నాను.

మా ఆవిడనే తీసుకోండి. పెళ్ళైన కొత్తలోనే నా లోపాల జాబితా మొత్తం చేతిలో పెట్టేసి ఉంటే నేను ఆ పూటే ఇల్లొదిలి పారిపోయేవాణ్ణి. వారానికొకటి చొప్పున చెబుతోంది కాబట్టి సంసారం నడుస్తోంది. పద్దెనిమిదేళ్ళైంది, ఇంకా సగంలోనే ఉన్నాం.

ఈ ధర్మసూక్ష్మాన్ని ఒంటబట్టించుకున్న ఒక మహానుభావుణ్ణి మీకు పరిచయం చేస్తాను. మనిషి కాదు, ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. పుస్తకాల బీరువాలు ఊహించుకోకండి! కంప్యూటర్లో నల్లటి తెర మీద టైపు చేసి పని చెప్పే పద్ధతి ఒకటుంది. బొమ్మలుండవు, బటన్లుండవు. పని పేరు కొట్టి, పక్కన చిన్న గీతలు పెట్టి వివరాలివ్వాలి: పేరు ఇది, వయసు ఇంత, ఎక్స్‌రే ఫలానా. వాటిని ఆప్షన్లంటారు. అవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి లోపలికి పంపేదే మన లైబ్రరీ. పెద్ద డాక్టరు గది బయట స్టూలేసుకుని కూర్చునే కాంపౌండరు లాంటిదన్నమాట. డాక్టరు ఎంత మంచివాడైతే ఏం లాభం, కాంపౌండరు కరుణించాలి కదా!

దీని గొప్పతనం ఏమిటంటే, మీరు పది తప్పులు చేసినా ఒక్కటే చెబుతుంది. మొదటిది కనబడగానే "ఫలానాది లేదు, సరిచూసుకుని మళ్ళీ రండి" అని తలుపేసేస్తుంది. మిగతా తొమ్మిదింటి గురించి పెదవి విప్పదు. మన చుట్టాల్లో ఒక్కరికైనా ఉందా ఇంత నోటి అదుపు? దీని గురించి నాకు కాస్త ఎక్కువే తెలుసు. ఎలా తెలుసో తర్వాత చెబుతాను. ఒకేసారి అన్నీ చెబితే మీరు కంగారుపడతారు.

దీనివల్ల బాగుపడినవాళ్ళలో మా పెద్దమ్మ ముందుంటుంది. ఆవిడకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషన్‌కి ఆరోగ్య కార్యాలయం వాళ్ళ అనుమతి కావాలి. ఆ కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది, దానికి "మరమ్మతులో ఉంది" అని బోర్డుంది, ఆ బోర్డుకే మరమ్మతు కావాలి. మోకాళ్ళు పోయినవాళ్ళు అరవై మెట్లెక్కి, మోకాళ్ళు పోయాయని రుజువు చేసుకోవాలి. ఎక్కగలిగితే ఆపరేషన్ ఎందుకంటారు, ఎక్కలేకపోతే అనుమతి రాదు. ఎంత ముందుచూపు!

నేను వెళ్ళొస్తానంటే పెద్దమ్మ వినదు. "నా మోకాలి సంగతి నాకన్నా నీకు బాగా తెలుసురా?" అంటూ చెప్పులేసుకుంటుంది.

మొదటిసారి ఎక్కాం. కౌంటర్లో అమ్మాయి మా కాగితాలు చూస్తూ నల్ల తెర మీద టకటకా కొట్టింది. ఎక్స్‌రే నంబరు లేదు. దిగాం. అది పట్టుకుని మళ్ళీ ఎక్కాం. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేదు. మూడోసారి తోడుండేవాళ్ళ సంతకం లేదు. నాలుగోసారి పెద్దమ్మ బరువు రాయలేదు. ఐదోసారి అన్నీ ఉన్నాయి, కానీ ఈ తిరుగుడులో రక్తపరీక్షకి నెల గడువు దాటిపోయింది!

"ఏమేం కావాలో మొదటిరోజే ఓ చీటీ మీద రాసిస్తే నీ సొమ్మేం పోయిందమ్మా?" అంది పెద్దమ్మ.

"ఒక్కో ఆపరేషన్‌కి ఒక్కో రకంగా అడుగుతుంది ఈ కంప్యూటరు, మామ్మగారూ. అది చెప్తేగానీ నాకూ తెలీదు" అంది ఆ అమ్మాయి, పాపం.

ఇందులో నష్టమేముంది చెప్పండి? రెండో అంతస్తు మలుపులో జెరాక్స్ ఆయనతో పెద్దమ్మకి స్నేహం కుదిరింది. ఆయన కోడలి సంగతులన్నీ ఇప్పుడావిడకి కంఠతా వచ్చు. కంటి ఆపరేషన్ కోసం పదకొండుసార్లొచ్చిన ఒక ముసలాయనైతే, చూపుతో పని లేకుండా మెట్లు లెక్కపెట్టుకుని ఎక్కేస్తున్నాడు! "మంచిదే పెద్దమ్మా, మోకాళ్ళు గట్టిపడతాయి" అని నేనూ ప్రతిసారీ ధైర్యం చెబుతూ వచ్చాను.

ఆరోసారి ఆవిడ ఆ మలుపులోనే కూలబడిపోయింది. మోకాలు రెండు చేతులతో పట్టుకుని, నా వైపు చూడకుండా అంది.

"ఇక నావల్ల కాదురా నాన్నా. ఉన్నన్నాళ్ళూ ఈ కాళ్ళే ఈడుస్తాలే. పద, ఇంటికి పోదాం."

జీవితంలో ఎవరికీ నోరు తగ్గించని మనిషి. నాకు ఏడుపొక్కటే తక్కువ. తనే మళ్ళీ అంది: "దీన్ని రాసినవాడెవడో గానీ, వాడిచేత రోజూ ఈ మెట్లెక్కించాలి."

ఆ తెర మీది మాటలు ఎక్కడో చూసినట్టుందని రెండోసారికే నాకు అనుమానం వచ్చింది, అడిగే ధైర్యం చాల్లేదు. ఇంటికెళ్ళి పాత ఫైళ్ళు తెరిచాను. ఆ లైబ్రరీ రాసింది నేనే! తొమ్మిదేళ్ళ కిందట రాసి, ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా వదిలేశాను. ఈ కార్యాలయం వాళ్ళు వాడుకున్నారు. మొదటి తప్పు దగ్గరే ఆగిపోయే లైను పక్కన నా గమనిక ఇంకా ఉంది: "అన్నీ ఒకేసారి చెబితే వాడేవాళ్ళు కంగారుపడతారు. ఒక్కొక్కటే చెబుదాం."

అబద్ధం. అన్నీ పోగేసి చెప్పాలంటే ఇంకో పాతిక లైన్లు రాయాలి. అది రాసిన రోజు శుక్రవారం. జేబులో సినిమా టికెట్లున్నాయి. అంతకుమించి ఏ ధర్మసూక్ష్మమూ లేదు.

ఆ పాతిక లైన్లూ పెద్దమ్మ కూలబడిన సాయంత్రమే రాశాను. పెద్దమ్మకి నిజం చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "నువ్వా!" అంది. తన ఫైలు నా చేతిలో పెట్టింది.

ఆ ఫైలు ఇంకో రెండు ఎక్కుళ్ళకి గట్టెక్కింది. వచ్చేనెలలో ఆపరేషన్. నా సవరణే గట్టెక్కలేదు. దాన్ని వాళ్ళ కంప్యూటర్లో పెట్టాలన్నా అదే కార్యాలయం అనుమతి కావాలి. మొదటిరోజు దరఖాస్తు ఫారం లేదన్నారు. ఫారం ఇస్తే, లైబ్రరీ నేనే రాశానని రుజువు లేదన్నారు. రుజువిస్తే ఫొటో లేదన్నారు. ఫొటో ఇస్తే దాని వెనక సంతకం లేదన్నారు. కంటి ముసలాయన నాకంటే ముందే ఎక్కేసి, పైనుంచి "జాగ్రత్త బాబూ, నలభయ్యో మెట్టు విరిగింది" అని హెచ్చరిస్తున్నాడు.

పెద్దమ్మకి ఇక రావాల్సిన పని లేదు. అయినా మానకుండా వస్తోంది. కింద బెంచీ మీద కూర్చుని, నేనెక్కేదీ దిగేదీ చూస్తుంది. నిన్న ఐదోసారి ఉత్తచేతులతో, మోకాలు పట్టుకుని దిగొచ్చాను.

"మంచిదేరా నాన్నా," అంది పెద్దమ్మ, పక్కకి జరిగి చోటిస్తూ. "మోకాళ్ళు గట్టిపడతాయి."