అందరి తరఫున ఒక దణ్ణం

కొండకు బయలుదేరే ముందు వెంకటకృష్ణారావు గారు చేయవలసిన పనులు: దర్శనం టికెట్లకు జిరాక్సులు తీయించుట, పాల ప్యాకెట్లు మూడు రోజులు వద్దనుట, భార్య రామతులసి గారి మోకాలి పట్టీ వెతుకుట, అపార్టుమెంటు వాసుల కోరికలు పేరు, గోత్రం, ఫ్లాటు నంబరుతో సహా స్వీకరించుట.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. పటమటలోని ఆ అపార్టుమెంటులో ఒకరు కొండకు వెళ్తున్నారంటే పద్దెనిమిది ఫ్లాట్లూ వెళ్తున్నట్టే. మనిషిని పంపి పుణ్యం ఇంటికి తెప్పించుకునే ఈ ఏర్పాటు ఎంతో సౌకర్యమైనది. పద్మావతమ్మ గారు అల్లుడికి బదిలీ కోరారు. వైజాగ్ అయితే మేలు, సముద్రం కనిపించే క్వార్టర్సయితే మరీ మేలు. సింధూరికి లిఫ్టు పక్కన పార్కింగ్ కావాలి. అపార్టుమెంటు అసోసియేషన్ అధ్యక్షుడు పవన్‌కుమార్‌కి మళ్లీ అధ్యక్ష పదవి కావాలి.

"పోటీ ఎవరూ లేరు కదయ్యా?"

"దేవుడి మాట కూడా ఉంటే బాగుంటది కదండీ."

రావుగారి సొంత కోరిక ఒక్కటే. మనవరాలు చిన్నికి నాలుగేళ్లు నిండుతున్నా ఇంకా మాట రాలేదు. చూపించని డాక్టరు లేడు. అసలు ఈ ప్రయాణమే అందుకోసం. అయితే ఆయన ఉద్యోగమంతా అర్జీలు వరుస తప్పకుండా చూసిన మనిషి. తన పని ముందు చూసుకోవడం వంటికి పడదు. చిన్ని పేరు అన్నిటికన్నా కింద రాసుకున్నారు.

పద్నాలుగు గంటలు నిలబడ్డాక దేవుడు కనిపించాడు. రావుగారు కాగితం విప్పి గబగబా చదివారు. "జరగండి, జరగండి" అన్నారు వెనకవాళ్లు. సింధూరి కారు నంబరు చెప్పి, "చిన్ని" అనబోయేసరికి ఆయన ప్రసాదాల వరుసలో ఉన్నారు.

తిరిగొచ్చాక అందరూ ప్రసాదం కళ్లకద్దుకుని "నాది చెప్పారా?" అన్నారు. మీరేం కోరుకున్నారని ఎవరూ అడగలేదు. అలా అడిగే పద్ధతి లేదు.

ఒక్క ఇస్సాక్ అడిగాడు. ఆటోనగర్‌లో బండ్ల సీట్లు కుడతాడు. రావుగారు స్కూటర్ సీటు వేయించుకోవడానికి వెళ్లి, జరిగింది చెప్పి కళ్లు తుడుచుకున్నారు.

"దానికేముంది సార్! శుక్రవారం నడుం నొప్పి తగ్గాలని దర్గాకి పోతన్నా. పాప సంగతీ చెప్తాలే."

శనివారం ఇంటికే వచ్చాడు. "పాపది ముందు చెప్పా సార్. ఏడుపొచ్చేసింది. నాది చెప్పడం మర్చిపోయి వచ్చేశా." అంటూ చిన్నిని ఎత్తుకోబోయి, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. "అమ్మో, నడుం!"

చిన్ని కూడా నడుం మీద చెయ్యేసుకుంది. "అమ్మో, నడుం!" అంది.

రామతులసి గారి చేతిలో గ్లాసు జారిపోయింది. ఆ మాట మళ్లీ వినాలని ఇస్సాక్‌ని ఇంకో నాలుగుసార్లు వంగమన్నారు. వంగాడు పాపం.

ఆదివారం సెల్లార్‌లో సభ. "మన అసోసియేషన్ తరఫున కొండకు పంపిన ప్రతినిధి కృషి ఫలించిందని తెలియజేయుటకు గర్విస్తున్నాను" అని పవన్‌కుమార్ రావుగారికి శాలువా కప్పి, ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఇస్సాక్‌ని పిలవలేదు. పిలిచినా లేచే స్థితిలో లేడు.

పాఠకుల్లో కూడా ఎవరో ఒకరు ఏదో క్షేత్రానికి బయలుదేరే ఉంటారు. మీ కోరికలన్నీ ముందు చెప్పుకోండి, ఎలాగూ చెప్పుకుంటారు. వెనకవాళ్లు తోసేలోపు ఒక్క క్షణం మిగిలితే మాత్రం ఇస్సాక్‌ని గుర్తుంచుకోండి: సీట్ల పని, ఆటోనగర్, నడుం, ఎడమవైపు. గోత్రం దగ్గర ఖాళీ వదిలేయవచ్చు.