ప్రేమానందం బఠానీ మడి

1983 ఏప్రిల్‌లో ఆ శనివారం పొద్దున్న ప్రేమానందం అనుకున్నది ఇంతే: కాఫీ తాగి, పెరట్లో మడి మీది ప్లాస్టిక్ ఎత్తి, లేత ముల్లంగి దుంపలు పీకి భార్య లూసీకి చూపించాలి. మదర్స్ డే నాడు తమ ఊరు పార్సిప్పనీలోని తెలుగు చర్చి భోజనానికి పచ్చి బఠానీలు, క్యారెట్లు తన తోటవే తెస్తానని అందరిలో మాటిచ్చాడు. చలికి మొక్కలు చచ్చిపోకుండా ఇనప కమ్మీలు వంచి, తెల్ల ప్లాస్టిక్ కప్పి, లోపల బల్బులు వెలిగించి, ఆఫీసు పని మీద షికాగో వెళ్లి ముందు రోజు రాత్రే తిరిగొచ్చాడు. వేడి పోతుందని, తను వచ్చేదాకా ఎవరినీ ఎత్తి చూడనివ్వొద్దని భార్యకు గట్టిగా చెప్పి మరీ వెళ్లాడు.

లూసీ ఆ మాట అక్షరాలా పాటించింది. పెరట్లో ఆ వెలుగేమిటని పక్కింటి డోరతీ కంచె దగ్గర అడిగితే, అది తన భర్త సొంత విషయమని, చూపిస్తే కోప్పడతాడని చెప్పింది. ఆవిడ మొహం చిన్నబోయిందని జాలిపడి, కాస్త ఎదిగాక చర్చి వాళ్లందరికీ పంచుతామని, మీకూ ఇస్తామని, ఒకసారి రుచి చూస్తే మళ్లీ మళ్లీ అడుగుతారని కూడా అంది. డోరతీ లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

ఆ శనివారం కాఫీ చల్లారకముందే ఇద్దరు పోలీసులు గుమ్మంలో నిలబడ్డారు. పెరట్లో గంజాయి పెంచుతున్నారని ఫిర్యాదు వచ్చిందన్నారు. ప్రేమానందం కప్పు బల్ల మీద పెట్టి లేచాడు. తను మందుల కంపెనీలో కెమిస్టునని చెబితే గౌరవిస్తారనుకున్నాడు. ఆ మాట వినగానే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లూసీ వంటింట్లోంచి పాస్టరు గారి భార్యకు ఫోన్ చేసి ప్రార్థన చెయ్యమంది. కాసేపటికి ఇంటి ముందు కార్లు బారులు తీరాయి. చర్చి పెద్ద సుందర్ రాజ్ వచ్చి ప్రేమానందం చెవిలో చెప్పాడు.

"లాయర్ వచ్చేదాకా నోరు విప్పకండి బ్రదర్. ఇంత చలిలో బఠానీలేంటని నాకు ముందే డౌటొచ్చింది."

"అవి బఠానీలేనండీ."

"అలాగే చెప్పండి. మార్చకండి."

అందరూ పెరట్లోకి నడిచారు. ఆఫీసరు ప్లాస్టిక్ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

మడి బోసిగా ఉంది. బఠానీ తీగ లేదు, క్యారెట్ ఆకు లేదు. ముల్లంగి ఉండాల్సిన చోట గుంటలు మిగిలాయి. బల్బు కింద వెచ్చగా, పిల్లికంటే లావుగా, తోటలు మేసే పెద్ద ఉడతలాంటి గ్రౌండ్‌హాగ్ ఒకటి పొట్ట పైకి పెట్టి నిద్రపోతోంది.

లూసీ దేవునికి స్తోత్రం అంది. ప్రేమానందం, ఇంతకంటే అరెస్టు చేసినా బావుండేదన్నట్టు మడి పక్కన కూలబడ్డాడు. నేరం జరిగిన మాట నిజమే గాని, నిందితుడు తమ పరిధిలోకి రాడంటూ ఆఫీసరు టోపీ సర్దుకున్నాడు.

అప్పుడు కంచె అవతలి నుంచి డోరతీ "హెన్రీ" అని పిలిచింది. మార్చి నుంచి దాన్ని తన షెడ్డు కింద ఉంచి తిండి పెడుతున్నదట. వారంగా కనిపించకపోతే బెంగపెట్టుకుందట. హెన్రీ కళ్లు తెరిచి, బరువుగా దొర్లుకుంటూ కంచె కింది నుంచి ఆవిడ దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రం డోరతీ క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చింది, చేతిలో క్యారెట్ కేకుతో.