నమూనా ఇంట్లో షాజహాన్ బీ

పేదవాళ్లకు ఇళ్లు కట్టడం కంటే ఇంటి నమూనా కట్టడమే మేలని నేను బల్లగుద్ది చెబుతాను. మెదక్ పట్టణంలో ఇళ్ల కోసం వచ్చిన ప్రభుత్వ ధనాన్ని ఎలా ఖర్చు పెట్టాలో తేల్చడానికి ‘సొంతింటి సలహా సంఘం’ అని ఒకటి వేశారు. అందులో నేనూ సభ్యుణ్ని. రిటైరైన డ్రాయింగు మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

మొదటి సమావేశంలోనే మా అధ్యక్షులు మదన్ మోహన్ గారు ఒక మౌలికమైన ప్రశ్న లేవదీశారు. “కిరాయి ఇండ్లల్ల పుట్టి పెరిగినోళ్లకు సొంతిల్లు ఎట్లుంటదో ఎరుకుంటదా? ఎరుక లేనిది ఒక్కపారి చేతిల పెడితే పరేషాన్ అయితరు గదా.”

ఆ దయకు మా కళ్లు చెమర్చాయి. ముందు ఒక నమూనా ఇల్లు కట్టి చూపిద్దాం, జనం అలవాటు పడ్డాక మిగతా ఆరు వందలు కడదాం అని తీర్మానించాం. చేతులెత్తమంటే నేను రెండూ ఎత్తాను.

ఇల్లు ముచ్చటగా వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, గోడలకు లేత గులాబి రంగు. రంగు నా ఎంపికే. ప్రారంభానికి ముందురోజు మాత్రం ఒక లోపం కనబడింది. ఇంట్లో మనుషులు లేరు! మనుషులు లేని ఇల్లు ఫొటోలో గోదాములా ఉంటుంది.

దరఖాస్తుల్లో వెతికితే షాజహాన్ బీ దొరికింది. చేగుంట రోడ్డులో టైర్ల దుకాణం వెనక రేకుల గదిలో కిరాయికి ఉంటూ, బట్టలు కుట్టి కూతురు సైమాను చదివించుకుంటోంది. భర్త లేడు. వాన పడితే కుట్టుమిషన్ను మంచం మీదికి ఎక్కించి, తల్లీకూతుళ్లు ఓ మూల నిలబడతారు. ఇల్లు కావాలని పదకొండేళ్లుగా దరఖాస్తు పెడుతోంది. అంత అనుభవం ఉన్న మనిషి ఇంకెక్కడ దొరుకుతుంది?

ఏర్పాటు చాలా సులువు. పెద్దవాళ్లు చూడటానికి వచ్చిన రోజు ఆమె గడపలో కూర్చుని నవ్వాలి. వాళ్లు వెళ్లాక తాళం మా చేతికిచ్చి రేకుల గదికి వెళ్లిపోవాలి.

“సార్, గీ ఇల్లే నాకిస్తరా?” అని అడిగింది మొదటిరోజు.

“గిది నమూనా. నీది గూడ అచ్చం గిట్లనే ఉంటది. నువ్వైతే జర నవ్వు,” అన్నారు మదన్ మోహన్ గారు.

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూడటానికి శివ్వంపేట నుంచి, మనోహరాబాద్ నుంచి కూడా బృందాలు దిగాయి. ఒక బృందం వారు వంటింట్లో వంట వాసన రావాలన్నారు. ఖిచిడీ వండింది. ఇంకొకరు పిల్లలుంటే బాగుండేదన్నారు. సైమా పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. వచ్చినవాళ్లకు ఇళ్ల డబ్బులోంచే షామియానాలు, శాలువాలు, బిర్యానీలు! ఆరు వందల ఇళ్లు మూడు వందలై, నూరై, చివరికి పన్నెండు మిగిలాయి. ఎంత హాయి! పన్నెండయితే తనిఖీ ఎంత తేలిక!

ఆ పన్నెండు మందిని ఎంచడానికి సర్వే పెట్టాం. సర్వే చేసే ఆశ్రిత రేకుల గదికి వెళ్లిన రోజే నమూనా చూడటానికి ఓ బృందం వస్తోంది, గదికి తాళం వేసి ఉంది. టైర్ల దుకాణంవాళ్లు నమూనా ఇంటికి దారి చూపించారు. ఆమె వెళ్లేసరికి షాజహాన్ బీ పొయ్యి దగ్గర, సైమా కిటికీ దగ్గర ఉన్నారు. ఇది తమ ఇల్లు కాదు, నమూనా అని తల్లీకూతుళ్లు ఎంత చెప్పినా ఫారంలో నమూనా అనే గడి లేదు.

“నేనేం చెయ్యాలమ్మా, కండ్లకు కనబడ్డదే రాయమన్నరు,” అంది ఆశ్రిత, నిజంగానే బాధపడుతూ. పక్కా ఇల్లు, రెండు గదులు అని రాసుకుంది.

జాబితాలోంచి షాజహాన్ బీ పేరు ఎగిరిపోయింది. పక్కా ఇల్లు ఉన్నందున అనర్హురాలని ఆమెకు కాగితం వచ్చింది.

ఆమె ఆ కాగితాన్ని సైమా చేత రెండుసార్లు చదివించుకుంది. మర్నాడు పెద్దవాళ్లు వస్తున్నారని మేం తాళం ఇవ్వగానే ఆటో మాట్లాడుకుని మంచం, కుట్టుమిషను, గిన్నెలు తెచ్చుకుంది. లోపల గొళ్లెం పెట్టేసుకుంది.

మేం పరుగున వెళ్లాం.

“ఇది నీ ఇల్లు కాదు, బయటికి రా,” అన్నారు మదన్ మోహన్ గారు.

“నాది కాదని కాగితం మీద రాసియ్యుండ్రి సార్,” అంది షాజహాన్ బీ కిటికీలోంచి. “అప్పుడు నాకు ఇల్లు లేనట్టే గదా. నా పేరు మళ్ల లిస్టుల ఎక్కియ్యుండ్రి, ఇప్పుడే పోత.”

రాసిస్తే సర్వే తప్పని ఒప్పుకోవాలి. రాయకపోతే ఇల్లు ఆమెది. గంటన్నర ఎండలో నిలబడి ఆలోచించాం. పాపం అనిపించిందేమో, ఆమె కిటికీలోంచి మాకు మంచినీళ్లు అందించింది. గ్లాసు అందుకుంటుంటే నాకు ఏదోలా అయింది. సిగ్గేమో అనుకున్నాను. సలహా సంఘం సభ్యుణ్ని కనుక, వడదెబ్బే అయి ఉంటుందని సర్దుకున్నాను.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. మనుషులు కాపురం ఉంటున్న ఇల్లు నమూనాగా పనికిరాదు కనుక దాన్ని వదిలేసి, పక్కనే కొత్త నమూనా కట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. పన్నెండు ఇళ్ల డబ్బూ దానికే కేటాయించాం. ఇళ్ల కోసం ఏళ్లుగా కదలని ఫైలు నమూనా అనేసరికి పరుగెత్తింది. పదో రోజుకు గోడలు లేచాయి.

ఇప్పుడు చెప్పండి, నేనన్నది నిజమా కాదా? ఇన్నేళ్లలో మా సంఘం కట్టగా ఒక పేద కుటుంబం చేరిన ఇల్లు ఒక్కటే, అదీ నమూనాయే. దరఖాస్తుదారులారా, ఇల్లు కావాలని అడగకండి, నమూనా కావాలని అడగండి. కొత్తదానికి తలుపులు బిగించే పని నేనే దగ్గరుండి చూస్తున్నాను. గొళ్లెం లోపలివైపు బాగా గట్టిది పెట్టించాను.