అమ్మణికి పాయి

ఆ రోజు పొద్దున బాలగోపాల రాజా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓడను అట్టపెట్టెలో పెట్టుకోవాలి, తళవాయిపురం బస్సెక్కాలి, వదినగారింట్లో ఉన్న భార్య అమ్మణి ముందు దాన్ని ఉంచి "ఇంటికి రా" అనాలి. ఆ ఒక్క మాట నోట రాకే మనిషి వారాల తరబడి కుమిలిపోతున్నాడు.

తప్పంతా జిగురుది. రాజపాళయంలో ఒక నూలు మిల్లులో సూపర్‌వైజరుగా ఉన్న ఆయనకు, పాతకాలపు తెరచాప ఓడల నమూనాలను చెక్కతో చేయడం పిచ్చి. ఈసారి కోరంగి రేవులో పూర్వం కట్టిన మూడు స్తంభాల ఓడ ఒకటి మొదలుపెట్టాడు. టేకు ముక్కలు చిత్రిక పట్టి, మిల్లు నూలుకు మైనం రాసి తాళ్ళు పేని, గోరంత కప్పీలు చెక్కి, భోజనాల బల్లను పూర్తిగా ఆక్రమించాడు. అమ్మణి నేలమీద కూర్చుని తింటూ కూడా ఒక్క మాట అనలేదు. వాళ్ళక్క కూతురి సీమంతానికి పట్టుచీర కట్టుకుని ఆవిడ వాకిట్లో నిలబడితే మాత్రం ఈయన, "కప్పీకి జిగురు ఆరలే, నువ్వు ముందు పో" అన్నాడు. ఆవిడ పోయింది. "జిగురు ఆరినాక చెప్పండి, వస్తాను" అని అక్కడే ఉండిపోయింది. ఈయనకు పౌరుషం, ఫోన్ చేయలేదు. ఎవరైనా అడిగితే "అమ్మణికి ఒళ్ళు బాగలే, పండుకోనుంది" అని సర్దుకొచ్చాడు.

పౌరుషం పగలు బాగానే ఉంటుంది. సాయంత్రం మిల్లు నుంచి వచ్చి తలుపు తోస్తే "కాళ్ళు కడుక్కొని రండి" అనే కేక వినపడదు. ఇన్నేళ్ళూ ఆ కేక మీద విసుక్కున్న మనిషి ఇప్పుడు దానికోసం గుమ్మంలోనే నిలబడిపోతున్నాడు. ఉండబట్టలేక ఓడ ముక్కు మీద సన్నని కుంచెతో "అమ్మణి" అని రాశాడు. ఇక అప్పట్నుంచి అది వస్తువు కాదు, మనిషి. "అమ్మణీ, రవంత ఇట్ల తిరుగు" అంటూ దానితో మాట్లాడటం అలవాటైపోయింది.

ఆ పొద్దున పెట్టెలోకి దింపబోతుంటే ఆ ఓడ అమ్మణి చేతిలోంచి జారింది. నడిమి స్తంభం ఫట్‌మంది. దానికి కట్టిన తెరచాప గుడ్డలు పరపరా చిరిగాయి. స్తంభం ఇంకొకటి చెక్కుకోగలడు, గుడ్డకేం చేయాలి? సత్రపట్టిలో ఆస్పత్రి కట్ల గుడ్డ నేయించే మేనల్లుడు కన్నన్ గుర్తొచ్చాడు. ఇక్కడొక సంగతి చెప్పాలి. అక్కడి తమిళంలో పడుకునే చాపనూ పాయి అంటారు, ఓడకు కట్టే తెరచాపనూ పాయే అంటారు. మన తెరచాపలో మాత్రం చాప లేదా ఏమిటి!

"కన్నా, అమ్మణి కింద పడినాదిరా! నడుము విరిగిపోయినాది!"

మగ్గాల హోరులో కన్నన్ గొంతు చించుకున్నాడు. "అయ్యయ్యో! ఎట్ల మామా?"

"నా చేతిలోనించే జారినాది. పాపమంతా నాదే. నీ గుడ్డ కావాలరా, మెత్తంది. పాయి వేయాల."

"కదిలించొద్దు మామా! వ్యాను ఎత్తుకొని వస్తాను!"

గజం గుడ్డకు వ్యాను ఎందుకని బాలగోపాల అనుకున్నాడు గానీ, మేనల్లుడి అభిమానానికి కళ్ళు చెమర్చాయి.

కన్నన్ వాళ్ళమ్మ ఇందిరాణికి ఫోన్ చేశాడు. అన్నగారి మీద ప్రాణం పెట్టుకున్న ఇందిరాణి, వీధిలో ఇద్దరికి చెప్పుకుని ఏడ్చి, వెంటనే తళవాయిపురంలో అమ్మణి అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, మీ చెల్లెలు నడుము విరిగి పాయిలో పడినాది! అన్న చేతిలోనించే జారినాదంట!"

అక్క వంటింట్లో దోసెలు పోస్తోంది. ఫోను ఎత్తింది సాక్షాత్తూ అమ్మణే.

"ఏ చెల్లెలు?"

"మీకుండేది ఒకే చెల్లెలు కదక్కా! అమ్మణి! ఇంట్లోనే ఉన్నాది, అన్న పక్కనే!"

అమ్మణి ఫోను పెట్టేసి తన నడుము తడిమి చూసుకుంది. నిక్షేపంగా ఉంది. మరి తన ఇంట్లో, తన మొగుడి చేతిలోంచి జారి నడుము విరగ్గొట్టుకున్న ఆ అమ్మణి ఎవత్తె? తింటున్న దోసె వదిలేసి దొరికిన ఆటో ఎక్కింది.

"ఎక్కడున్నాది?" అంది గుమ్మంలోకి వస్తూనే.

ఆవిడను చూడగానే బాలగోపాల లేచి నిలబడ్డాడు. బస్సులో వల్లెవేసుకుందామనుకున్న మాట కాస్తా ఎగిరిపోయింది. "ఎవరు?" అన్నాడు.

"అమ్మణి!"

"లోపల, బల్లమీద. ఇప్పుడు చూడొద్దు. ఒంటిమీద గుడ్డ లేదు. కన్నన్ తెస్తా ఉన్నాడు."

"కన్నన్‌కు కూడా తెలుసునా! సరిపోయింది సంబడం!" అని ఆవిడ చీపురు తిరగేసి లోపలికి దూసుకుపోయింది.

బల్లమీద నడిమి స్తంభం వేలాడేసుకుని ఓడ ఒరిగి ఉంది. ముక్కు మీద వంకర టింకర తమిళ అక్షరాల్లో తన పేరు. అమ్మణి చదివింది. మళ్ళీ చదివింది.

"ఒక ఫోన్ చేసుండకూడదా?"

"నువ్వు ఎత్తకపోతే ఏం చేయాలని బయం. నువ్వు లేకుంటే ఇల్లు ఇల్లుగా లేదు అమ్మణీ. దీంతో మాట్లాడుకొని ఎన్ని దినాలు ఉండేది? ఇంటికి రా."

"వచ్చేసినాను కదా" అనబోయి ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో వీధిలో హారను మోగింది. కిటికీలోంచి చూస్తే వ్యాను. అందులోంచి గుడ్డ తానులతో కన్నన్, హార్లిక్స్ సీసాతో ఇందిరాణి, ఎముకలు సరిచేసే వైద్యుడు అయ్యనార్, వెనకాల సగం వీధి. వచ్చినవాళ్ళు ఎందుకొచ్చారో బాలగోపాలకు అప్పుడు వెలిగింది.

"ఓడకోసం ఏడ్చినానంటే ఊరు నవ్వి చంపుతాది. మిల్లులో తల ఎత్తుకోలేను" అన్నాడు.

అమ్మణి ఆయన్ని ఒక్క చూపు చూసింది. మూలనున్న చాప లాగి పరిచింది. పడుకుని దుప్పటి లాక్కుని "అయ్యో, నా నడుమో!" అని వీధి చివరి దాకా వినపడేలా అరిచింది.

అయ్యనార్ నొక్కి చూసి, ఎముక జరిగిందని ఖచ్చితంగా తేల్చాడు. కన్నన్ తెచ్చిన గుడ్డంతా ఆవిడ నడుముకే చుట్టాడు. నెలదాకా లేవకూడదన్నాడు. ఓడకు పీలిక కూడా మిగల్లేదు.

"నేను ఇక్కడే ఉండి వంట చేస్తాను వదినా" అంది ఇందిరాణి కళ్ళొత్తుకుంటూ.

"వద్దు ఇందిరాణీ. మీ అన్న చేస్తారు. ఆయన చేతిలోనించే కదా జారినాను" అంది అమ్మణి నీరసంగా.

బాలగోపాల రాజా బుద్ధిగా వంటింట్లోకి నడిచాడు. ఆ పూట సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. అమ్మణి మారు అడిగి వేయించుకుంది.