గురప్ప ఆస్తి, దొరస్వామి తాళం

వడమాలపేట దొరస్వామి ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తొలి బస్సుకు తిరుపతి చేరి, అక్కడ రైలెక్కి చిత్తూరు పోవడం, ప్లీడరుతో ఒక్క మాట చెప్పడం, చీకటి పడేలోగా ఇంటికి తిరిగి రావడం. ఆ ఒక్క మాట "నాకొద్దు" అనేది.

వద్దనుకున్నది ఎగ్జిక్యూటరు పని. అతని స్నేహితుడు గురప్ప ఈమధ్యే కాలం చేశాడు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. ఇల్లూ ఇంట్లో సామానూ తనతో ఉంటున్న అక్క చంద్రకాంతమ్మకనీ, చేనూ ఎద్దులూ తమ్ముడు మునికృష్ణకనీ, మామిడితోపు ఇద్దరికీ చెరిసగమనీ వీలునామా రాసి, దాని ప్రకారం పంచిపెట్టే బాధ్యతను దొరస్వామి నెత్తిన పెట్టిపోయాడు. చిక్కల్లా ఆ అక్కాతమ్ముళ్ళకు మాటలు లేకపోవడమే. ఎప్పుడో ఒక పెళ్ళిలో చంద్రకాంతమ్మ వడ్డిస్తూ మునికృష్ణ విస్తరి దాటి ముందుకు పోయింది. కావాలనే దాటిందని అతను, అడగడానికి నోరు లేదా అని ఆమె, అప్పటినుంచీ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు.

దొరస్వామి అసలే కాలు నిలవని మనిషి. పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా వంటింటికీ వాకిలికీ తిరుగుతూనే ఉంటాడు. అలాంటివాడికి ఈ బాధ్యత వచ్చాక తిండి సయించలేదు, కునుకు పట్టలేదు.

"వద్దని సెప్పేసి వచ్చెయ్," అంది భార్య నాగులమ్మ, సద్దిమూట చేతికిస్తూ. "ఇంకేం మాట్లాడాకు."

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సుకు వెనక బొగ్గుల కొలిమి తగిలించి నడుపుతున్నారు. ఎగుడు వచ్చినప్పుడల్లా అది నిలబడి ఆయాసపడేది. దొరస్వామి దిగి, దానికంటే ముందు నడిచి, మళ్ళీ ఎక్కేవాడు. రైలు పాకాలలో నీళ్ళు తాగుతూ తీరిగ్గా నిలబడింది. చివరికి అతను ప్లీడరు జయరావు ఇల్లు చేరేసరికి ఆయన నల్లకోటు తొడుక్కుని, కోర్టుకు పోవడానికి జట్కాలో ఒక కాలు పెట్టి ఉన్నాడు.

"సామీ, గురప్ప వీలునామాలో నన్ను ఎగ్జికూటరని రాసినారు," అన్నాడు దొరస్వామి రొప్పుతూ.

"ఇప్పుడు తీరదు. సోమవారం రండి."

"అంతదాకా నేనేం సేసేది సామీ?"

"మీరేమీ చెయ్యొద్దు. ఊరికే కనిపెట్టుకుని ఉండండి. సామాను మాత్రం ఏదీ మాయం కాకూడదు. రేపు ఒక గరిటె తగ్గినా మిమ్మల్నే అడుగుతారు," అన్నాడు జయరావు. జట్కా కదిలిపోయింది.

ఆ మాటలన్నింటిలో దొరస్వామి వెంట ఊరిదాకా వచ్చింది గరిటె ఒక్కటే.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా గురప్ప ఇంటికి వెళ్ళాడు. "అక్కా, గరిటెలు ఎన్నుండాయి?" అని అడిగాడు.

చంద్రకాంతమ్మ తెల్లబోయింది. "ఎందుకబ్బా, మీ ఇంట్లో ఏమన్నా దేవర విందు పెడ్తా ఉండారా?"

అతను కోర్టనీ, పూచీ అనీ, మాయమైతే తన గతేం కానూ అనీ ఏదేదో చెప్పాడు. చెబుతూనే గరిటెలూ చెంబులూ గంగాళాలూ సామాన్ల గదిలోకి చేరవేసి, తలుపు మూసి తాళం బిగించాడు.

"బియ్యం లోపలే ఉండాయి కదా," అంది చంద్రకాంతమ్మ. "నేనేం తినేది?"

"మా ఇంటికి రా అక్కా," అన్నాడు దొరస్వామి తాళం లాగి చూసుకుంటూ. ఏం అన్నాడో అతనికే గుర్తులేదు. ఆమెకు మాత్రం గుర్తుంది.

తెల్లవారేసరికి ఈ కబురు మునికృష్ణకు ఇంకో రకంగా చేరింది. దొరస్వామి ఇల్లంతా తాళం వేసి అక్కకు అప్పజెప్పాడని విన్నాడు. ఎద్దులైనా దక్కించుకుందామని అతను పరుగున వచ్చి, అన్న కొట్టంలో పలుపులు విప్పుతుంటే దొరస్వామి అడ్డం పడ్డాడు.

"ప్లీడరు సెప్పేదాకా ఇవి కదలకూడదు మునికృష్ణా."

"నాకే కదన్నా రాసింది."

"నీకే. అందుకే నాకాడ బద్రంగా ఉండాల."

ఎద్దుల్ని తోలుకుపోయి తన కొట్టంలో కట్టేశాడు. మునికృష్ణ వెనకాలే వచ్చి దొరస్వామి అరుగు మీద దుప్పటి పరిచాడు. "ఎద్దులు ఈడుంటే నేనూ ఈడనే ఉంటా. కుడితి పెడ్తారో లేదో సూడొద్దా?"

అదే సమయానికి చంద్రకాంతమ్మ చాప చంకన పెట్టుకుని భోజనానికి వచ్చింది. కొట్టంలో ఎద్దుల్నీ అరుగు మీద తమ్ముణ్ణీ చూసింది. "ఓహో, నా గదికి తాళమేసి వాని ఎద్దులకు మేత వేస్తా ఉండావా? కానీ," అని లోపలికి పోయి వంటింట్లో చాప వేసుకుంది.

నాగులమ్మ మొగుడి వైపు చూసింది. "నువ్వు పోయింది వద్దని సెప్పేదానికి కదా?"

"సోమవారం సెప్తా," అన్నాడు దొరస్వామి.

సోమవారం వచ్చేలోగా గాలి లేచింది. తోపులో పండబోయే కాయలు రాలుతున్నాయనీ, ఏరుకునేవాళ్ళు ఏరుకుంటున్నారనీ ఎవరో అన్నారు. దొరస్వామి నిలవలేకపోయాడు. కూలివాళ్ళను పిలిచి తోపంతా కోయించి, కాయల్ని బండ్ల మీద తన ఇంటికి తోలించాడు. నడవలో వరిగడ్డి పరిచి పోశారు. అక్కడ చాలక పడకగదిలో పోశారు. నాగులమ్మ మంచం పెరట్లోకి వచ్చింది. మగ్గిన మామిడి వాసనకు ఊళ్ళో ఈగలన్నీ ఆ ఇంటికే చేరాయి. ఊరివాళ్ళు మాత్రం, చచ్చిపోయినవాడి సొమ్ము దొరస్వామి బండ్లతో ఇంటికి తోలుకుంటున్నాడని చెప్పుకున్నారు. నిన్నటిదాకా ఎదురైతే పలకరించినవాళ్ళు తలలు తిప్పుకుని పోవడం మొదలుపెట్టారు. గురప్పతో కలిసి ముప్పాతిక బతుకు తిరిగిన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ తనలో తనే సంజాయిషీలు చెప్పుకోసాగాడు.

అతనలా నడుస్తుండగానే ఒక ఎద్దు పలుపు తెంపుకుని, పడకగది కిటికీలో తల దూర్చి, అందినన్ని పండ్లు తినేసింది.

చంద్రకాంతమ్మ మొదట చూసింది. ఇన్నేళ్ళకు తమ్ముడి మొహం చూసి మాట్లాడింది. "నీ ఎద్దు నా పండ్లు తినేసింది."

"తోపులో సగం నాది," అన్నాడు మునికృష్ణ. "నా ఎద్దు నా సగమే తినింది."

"ఏది నీ సగమో ఎద్దుకెట్ల తెలిసింది?"

మునికృష్ణ ఎద్దు వైపు చూశాడు. నవ్వొచ్చింది. అది దాచుకోబోయి దగ్గాడు. చంద్రకాంతమ్మ కూడా మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దొరస్వామి మధ్యలోకి వచ్చాడు. "కొట్లాడాకండి. తిన్నవాటికి నేను పూచీ."

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"పచ్చికాయల్ని కోయించింది ఎవురు?" అన్నాడు మునికృష్ణ.

"కిటికీ కింద పోయించింది ఎవురు?" అంది చంద్రకాంతమ్మ.

ఆ పూట ఆమె నాగులమ్మ పొయ్యి మీద సంగటి కెలికి, చెనక్కాయల ఊరిబిండి నూరి, తమ్ముడికి తన చేత్తో వడ్డించింది. ఇద్దరూ కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. దొరస్వామి దగ్గరికి పోతే మాట ఆపేవారు.

సోమవారం పొద్దున లేచేసరికి ఇద్దరూ ఇంట్లో లేరు. "ఒకే బండిలో తిరుపతి పోయినారు. కొండకేమో," అంది నాగులమ్మ. దొరస్వామికి సగం బరువు దిగినట్టయింది. మిగిలిన సగం దించుకోవడానికి చిత్తూరు బయల్దేరాడు.

జయరావు ఈసారి తీరిగ్గా కుర్చీలో ఉన్నాడు.

"సామీ, నాకీ పని వద్దు," అన్నాడు దొరస్వామి కూర్చోకుండానే.

"పోయినసారే ఈ మాట అని ఉంటే ఒక్క కాగితంతో తీరిపోయుండేది. ఏమీ చెయ్యొద్దంటిని కదా. మీరు గదికి తాళం వేసినారు. ఎద్దుల్ని తోలుకుపోయినారు. తోపు కోయించినారు. చచ్చినవాడి ఆస్తి మీద అట్లా చెయ్యి వేస్తే ఆ పనికి ఒప్పుకున్నట్టే. ఇంక వద్దనేదానికి లేదు."

దొరస్వామి అప్పుడు కూర్చున్నాడు. "ఇయ్యన్నీ మీకెవురు సెప్పినారు?"

జయరావు పక్కగది వైపు చూపించాడు. అక్కడ బెంచీ మీద చంద్రకాంతమ్మ, మునికృష్ణ పక్కపక్కన కూర్చుని ఉన్నారు.

"వీళ్ళు మీకంటే ముందొచ్చినారు. నేను వీళ్ళ తరఫు."

"నీ మీద కోపమేం లేదు దొరసామీ," అంది చంద్రకాంతమ్మ మెత్తగా. "మేం రాజీ పడినాం. మా గురప్ప రాసినట్టే పంచుకుంటాం. తాళంచెవి ఇచ్చెయ్యబ్బా, చాలు."

దొరస్వామికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళుగా మొలకు కట్టుకు తిరుగుతున్న తాళంచెవి ఆత్రంగా విప్పబోయాడు. జయరావు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉత్తచేతికి ఇవ్వకండి. రేపు తేడా వస్తే మీ మీదికే వస్తుంది. ఏమేం అప్పజెప్పినారో పద్ధతిగా రాయించి, అందినట్టు ఇద్దరి చేతా సంతకం తీసుకోవాల."

"ఆ రాసేదేదో మీరే రాసియ్యండి సామీ."

"చెప్పినాను కదా, నేను వాళ్ళ ప్లీడరును. మీకు వేరే ప్లీడరు కావాల."

దొరస్వామి వసారా ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. మళ్ళీ వచ్చాడు. "ఎవరన్నా మంచాయన్ని మీరే సెప్పండి."

జయరావు కుర్చీలోంచి లేచి, వీధికి అవతల ఉన్న బోర్డు చూపించాడు.

"ఆయన దగ్గరికి పొండి. నిదానస్తుడు, బాగా చదువుకున్నవాడు. ఇన్నేళ్ళలో నా మీద ఒక్క కేసూ గెలవలేదు."